సిరిసిల్ల ఇంట్లో నేను కట్టిన తీగ

పాత ఇల్లు, పాత పైపు

కొత్త ఇంటికి పైపులు వేయడం పెద్ద కష్టమేమీ కాదు. గోడలు ఇంకా ఒట్టి ఇటుకలుగానే ఉంటాయి, ఏది ఎటు పోతుందో కళ్లకు కనపడుతుంది. మనుషులు కాపురం ఉంటున్న ఇంట్లో పాత ఇనుప పైపులన్నీ పీకి కొత్తవి వేయడమే అసలు పని. ముప్ఫై ఏళ్ల కింద ఎవరో ఆ గోడలో ఏదో చేసి, పైన సిమెంటు పూసి వెళ్లిపోయి ఉంటారు. వాళ్లేం చేశారో తవ్వుతూ పోతేనే తెలుస్తుంది. ఒక్కోసారి తవ్వినా తెలియదు.

జగిత్యాలలో ఉంటూ, ఇటు కోరుట్ల నుంచి అటు సిరిసిల్ల దాకా నేను ఈ పని చేశాను. ఇప్పుడు మోకాళ్లు సహకరించక మానేశాను. ఈ పనిలోకి వస్తున్న ఆడవాళ్లు కొందరు "సుగుణక్కా, నీకు తెలిసింది మాకు చెప్పరాదు" అని అడుగుతుంటారు. మర ఎట్లా ఎక్కించాలో, గమ్ము ఎంత సేపు ఆరాలో ఎవరైనా చెబుతారు. నేను చేసిన ఒక తప్పును మాత్రం నేనే చెప్పాలి. అందుకే ఇది రాస్తున్నాను.

నేను బడికి పోలేదు. మా అమ్మ బైబిలు ముందు పెట్టుకొని ఇంట్లోనే నాకు అక్షరాలు దిద్దించింది. మా నాయిన ఊళ్లలో బోరింగులు బాగుచేసేవాడు. పైపుకు మర ఎక్కించడం, నీళ్లు కారకుండా జాయింటుకు జనపనార చుట్టి సఫేదా అనే తెల్ల ముద్ద పూయడం మా వాకిట్లోనే నేర్పించాడు. ఆ ఇద్దరినీ తలుచుకోకుండా నేను ఒక్కరోజు కూడా పడుకోను. పెళ్లయ్యాక నా భర్త దావీదు కూడా నాతో పనికి రావడం మొదలుపెట్టాడు. ఆయన గోడ చెక్కేవాడు, నేను పైపు బిగించేదాన్ని. కొత్తగా పోయిన ఇళ్లల్లో అందరూ ఆయననే మేస్త్రీ అనుకునేవారు. "మేస్త్రీ ఆమె. నేను ఒట్టి సుత్తె దెబ్బను" అని ఆయన నవ్వేవాడు.

మాకు పని ఇప్పించేది జగిత్యాలలో ఒక హార్డ్‌వేరు షాపు సేటు. తిండికి కష్టంగా ఉన్న రోజుల్లో ఆడమనిషినని చూడకుండా నాకు పని ఇచ్చాడు, ఆ మేలు మరువను. కాని ఆయన ఒక మాట అంటుండేవాడు: "నల్లా తిప్పితే నీళ్లు రావాలె సుగుణా, గంతే. ఇంట్ల తక్కిన ముచ్చట మనకెందుకు?" ఆ మాట నా మనసులో బాగా దిగిపోయింది. నీళ్లకు సంబంధం లేనిది ఏదైనా సరే, ఇంట్లో ఎదురుగా ఉన్నా నేను చూసేదాన్ని కాదు. త్వరగా ముగించడమే పనితనం అనుకునేదాన్ని. ఇప్పుడు చెబుతున్నాను, ఆ మాట తప్పు. నీళ్ల పైపును ఆ ఇల్లు ఇంకా దేనికి వాడుకుంటున్నదో తెలుసుకోనివాడు దాన్ని కోయకూడదు.

సాంచెలు ఆగిన ఇల్లు

అవి తెలంగాణ కోసం అందరూ సమ్మె కట్టిన రోజులు. బస్సులు లేవు, బడులు లేవు. బొగ్గు బావుల్లో పని ఆగింది, దానితో కరెంటు కోతలు పెరిగాయి. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచెలంటారు. సాంచె నడుస్తున్న ఇంట్లో ఎవరూ గోడ తవ్వనివ్వరు. దుమ్ము లేస్తే నూలు పాడవుతుంది, సాంచె ఆపితే ఆ పూట బట్ట దిగదు. కరెంటు లేని రోజులు చూసుకొనే మమ్మల్ని పిలిచేవాళ్లు. మేము కూడా సిరిసిల్ల పనులు అట్లాంటి రోజులకే ఉంచుకునేవాళ్లం.

శంకరయ్య ఇల్లు అట్లా వచ్చింది. ముందరి గదిలో రెండు సాంచెలు ఆయనవి. భార్య పోయి చాలా ఏళ్లయింది. ఆయనా, నూలును కండెలకు చుట్టే ముసలి తల్లి లచ్చవ్వా, ఇంట్లో ఇద్దరే. వాళ్ల వీధి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. సమ్మెలో దాన్ని మార్చే దిక్కు లేదు. "ఎట్లనన్న ఖాళీగనే ఉన్న. నీళ్లు ఎర్రగ అస్తున్నయ్. అచ్చి పైపులన్ని మార్చుండ్రి" అని కబురు పెట్టాడు.

మూడు రోజులు పట్టింది. వీధి కనెక్షను నుంచి మిద్దె మీద ఉన్న ట్యాంకు దాకా, అక్కడి నుంచి వంటింటికి, స్నానాల గదికి, బట్టలుతికే బండకు పాత ఇనుప పైపులన్నీ తీసేశాం. తుప్పు పేరుకొని కొన్నింటిలో చిటికెన వేలు కూడా దూరలేదు. అన్నీ ప్లాస్టిక్ పైపులే వేశాం.

మూడో రోజు సాయంత్రం చివరి ముక్క మిగిలింది. బట్టలుతికే బండ పక్కన నిలువుగా పైకి పోయే పైపు అది. దానికి తల ఎత్తులో ఒక తీగ చుట్టి, క్లిప్పుతో బిగించి ఉంది. తీగ వాకిలి మీదుగా సాగి, అవతలి గోడ బెజ్జంలోంచి సాంచెల గదిలోకి పోయింది. దాని మీద ఒక లంగా, రెండు తువ్వాళ్లు ఆరుతున్నాయి.

"అవ్వా, గీ దండెం తీగ విప్పాలె" అన్నాను.

"విప్పు బిడ్డా. కని మల్ల కట్టి పో. నేను బట్టలు నీ నెత్తిమీద ఆరేసుకోవాల్నా?" అంది లచ్చవ్వ.

పైపు కోసి తీశాను. అక్కడే గోడకు ఒక కొక్కెం కొట్టి, తీగను లాగి, దానికి గట్టిగా కట్టాను. "ఇన్నొద్దులు సాగిలవడి ఉండె, ఇప్పుడు మంచిగైంది" అని లచ్చవ్వ నా గదువ పట్టుకొని మెచ్చుకుంది. నేను మురిసిపోయాను. నల్లా తిప్పి చూశాం, నీళ్లు తెల్లగా వచ్చాయి. దేవునికి స్తోత్రం చెప్పుకొని బయలుదేరాం.

ఆ తీగ రెండో కొస గోడ అవతల దేనికి కట్టి ఉందో నేను చూడలేదు. నాలుగడుగులు వేస్తే చూసేదాన్ని.

నర్సయ్య బాపు అరిచిన అరుపు

రెండు రోజుల తర్వాత కోరుట్లలో పని. ఇంటాయన నర్సయ్య, కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయినాయన. పొద్దున్నే వాళ్ల ట్యాంకు ఖాళీ చేసి, వంటింటి పైపులు తీసేశాం. పదిన్నర ప్రాంతంలో స్నానాల గది వెనక పైపు దగ్గరికి వచ్చాను. దానికి ఒక తీగ చుట్టి ఉంది. ఆక్సాబ్లేడు పైపుకు ఆనించాను.

"ఏయ్ బిడ్డా! ఆగు! ముట్టకు దాన్ని" అని నర్సయ్య కుర్చీలోంచి లేచి అరిచాడు.

"దండెం తీగనే గద బాపూ."

"నీ తలకాయ దండెం. అది ఎర్తు తీగ. ఫ్రిజ్జుల్నో మోటార్లనో కరెంటు లీకయిందనుకో, గీ తీగెంబడి అచ్చి, గీ ఇనుప పైపెంబడి భూమిలకు వోతది. ఇప్పుడు నువ్వు ప్లాస్టిక్‌ది ఏస్తవ్. ఇగ అది యాడికి వోవాలె?"

నేను బ్లేడు పైపు మీంచి తీశాను.

"ఎవలు ముట్టుకుంటె ఆళ్లల్లకెళ్లి వోతది" అని ఆయనే చెప్పాడు.

నా చేతిలో బ్లేడు ఎప్పుడు కింద పడిందో తెలియదు. "బాపూ, గా తీగను తీసి గోడ కొక్కేనికి కడితే?"

"కడితె ఏముంటది? తీగ పొడుగున కరెంటే."

"దాని మీద తడి బట్ట ఆరేస్తే?"

ఆయన నా ముఖం వైపు చూశాడు. గొంతు తగ్గించి, "ఎక్కడ కట్టినవ్ బిడ్డా?" అన్నాడు.

చెప్పాను. సిరిసిల్ల, సాంచెల ఇల్లు, ముసలమ్మ. ట్రాన్స్‌ఫార్మరు కాలి ఉంది కాబట్టే మేము పని చేసిన మూడు రోజులూ ఆ తీగలో కరెంటు లేదు. లేకపోతే నా చేతికే తెలిసేది. నర్సయ్య వెంటనే సిరిసిల్లలో తనకు తెలిసిన లైన్‌మన్‌కు ఫోను చేశాడు. మాట్లాడుతుంటే ఆయన ముఖం మారింది.

"నిన్న కొత్త ట్రాన్స్‌ఫార్మరు దించిన్రట. ఇయ్యాల పగటీలి వరకు, మధ్యాన్నంకల్ల, ఎక్కించి కరెంటిస్తరట."

"ఆపుమను బాపూ!"

"ఆపుమనే చెప్పిన. కని ఈయన ధర్న కాడ ఉన్నడు, ఎక్కించేటోళ్లు ఇంకోళ్లు. చెప్తడో చెప్పడో. ఆయనను నమ్ముకొని కూసోకు, లెవ్వు."

శంకరయ్యకు ఫోను చేస్తే మోగలేదు. వారం నుంచి కరెంటు లేదు, చార్జింగు ఎక్కడిది? పక్కింటివాళ్ల నంబరు మా దగ్గర లేదు.

"మీ ఇంట్ల సుక్క నీళ్లు లేకుంట చేసిన బాపూ..." అన్నాను. "బోరింగు లేదా మాకు? నువ్వు పో" అని బల్బు పెట్టి రెండు వైర్లు తగిలించిన ఒక హోల్డరు నా సంచిలో పెట్టాడు. తీగలో కరెంటు ఉన్నదా లేదా ఎట్లా చూడాలో, ఎర్తుకు గుంత ఎట్లా తీయాలో గబగబా చెప్పాడు. ఆ పెద్దమనిషి ఒక్క మాట కూడా నన్ను తిట్టలేదు. ఆయన పేరు నా ప్రార్థనలో ఇప్పటికీ ఉంది.

రుద్రంగి రోడ్డు

మా టీవీఎస్ బండి మీద బయలుదేరాం. దావీదు నడుపుతున్నాడు, నేను వెనక కూర్చుని శంకరయ్యకు ఫోను చేస్తూనే ఉన్నాను. కథలాపూర్ దాటాం. పెట్రోలు బంకులు బంద్. ఒక కిరాణం కొట్టులో సీసా పెట్రోలు దొరికితే పోసుకున్నాం.

దారిలో నా మనసులో ఏం తిరిగిందో దాచను. ఏదైనా జరిగితే కరెంటు కొట్టిందనే అంటారు. పైపులామె కట్టిన తీగ అని ఎవరికి తట్టుతుంది? ఆ ఆలోచన రెండుసార్లు వచ్చింది. రెండోసారి నాకే అసహ్యమేసి దావీదు వీపు మీద తల పెట్టుకున్నాను. ప్రార్థన చేద్దామంటే మాట రాలేదు. వచ్చిన మాట ఒక్కటే: ప్రభువా, నేను అక్కడికి పోయేదాకా కరెంటు రానియ్యకు. ఆ వీధి వీధంతా కరెంటు కోసం వారం నుంచి ఎదురుచూస్తున్నది, పొయ్యి మీదికి బియ్యం లేని ఇళ్లున్నాయి. వాళ్లందరికీ వ్యతిరేకంగా నేనొక్కదాన్ని కరెంటు రావద్దని వేడుకుంటున్నాను.

రుద్రంగి దగ్గర సమ్మె జనం దారి ఆపి, రోడ్డు మీదే పొయ్యిరాళ్లు పెట్టి పెద్ద గంజులో అన్నం వండుతున్నారు. అటు ఇటు ఎడ్లబండ్లు అడ్డం. పప్పు కలుపుతున్న ఆమె గంటె మా వైపు చూపింది.

"యాడికి? ఇయ్యాల ఎవ్వలు వోవద్దు. తెలంగాణ రావాల్నా వద్దా?"

"రావాలె తల్లీ. అచ్చినంక తీరుబాటంగ కూసొని తింట. ఇప్పుడైతే పోనియ్యి" అన్నాడు దావీదు.

"అబ్బో, మాటలు సూడు! బండి దిగు ముందుగాల."

దావీదు ఇంకేదో అనబోతుంటే నేను దిగి ముందుకు పోయాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు. "అక్కా, నేను పైపుల పని చేస్త. సిరిసిల్లల ఒక ఇంట్ల తప్పు చేసి అచ్చిన. కరెంటు తీగ తెలువక దండెం లెక్క కట్టిన. ముసలమ్మ దాని మీద బట్టలు ఆరేస్తది. పగటీలికి కరెంటు అస్తదట. నన్ను పోనియ్యి" అన్నాను. అందరి ముందు ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

ఆమె గంటె గంజులో వదిలేసింది. "అరేయ్, సూసుకుంట నిలవడ్డరేంది? బండి ఎత్తుండ్రి!" అంది. నలుగురు మగవాళ్లు టీవీఎస్‌ను పొయ్యిరాళ్ల మీదుగా ఎత్తి అవతల పెట్టారు. ఒకాయన తన సెల్లు తీసి, "వేములవాడ కాడ మావోళ్లున్నరు, నేను చెప్త, మిమ్ముల ఆపరు" అన్నాడు. నిజంగానే అక్కడ ఆపలేదు. వాళ్ల పేర్లు కూడా నేను అడగలేదు.

బల్బు

సిరిసిల్లలో శంకరయ్య వీధి మలుపు తిరిగేసరికి టకటకమని చప్పుడు వినపడింది. సాంచెలు. ఒక ఇంట్లో కాదు, వీధంతా నడుస్తున్నాయి. బండి ఆగకముందే దూకాను. కాళ్లు మడత పడి గడప మీద పడ్డాను, లేచి లోపలికి ఉరికాను.

లచ్చవ్వ బండ మీద నిలబడి ఉంది. పక్కన చెప్పులు. కాళ్ల కింద నీళ్లు. చేతిలో నీళ్లు కారుతున్న చీర. తీగ మీద అప్పటికే ఒక తువ్వాల ఉంది.

"అవ్వా! ముట్టకు! ముట్టకు!"

"ఏందే గట్ల ఒర్రుతున్నవ్? నీళ్లు మంచిగనే అస్తున్నయ్."

నేను చీర గుంజి పారేసి, ఆమెను చుట్టుకొని ఇవతలికి లాగాను. దావీదు సాంచెల గదిలోకి పోయి, మెయిను ఆపమని శంకరయ్యతో అరిచాడు. చప్పుడు ఆగింది. ఆ తీగ రెండో కొస అప్పుడు చూశాను. సాంచె మోటారుకు బిగించి ఉంది.

నర్సయ్య చెప్పినట్టే బల్బు వైరు ఒకటి తీగకు తగిలించి, ఇంకోటి తడి మట్టిలో గుచ్చిన ఇనుప చీలకు చుట్టాం. అందరినీ దూరంగా నిలబెట్టి శంకరయ్యను మెయిను వేయమన్నాం. బల్బు మినుకుమినుకుమంటూ ఎర్రగా వెలిగింది.

లచ్చవ్వ దానివైపు చూస్తూ నెమ్మదిగా అంది, "ఇందాక తువ్వాల ఏస్తుంటె చెయ్యి జివ్వుమన్నది. నాకు షుగరున్నది గద, తిమ్మిరనుకున్న." షుగరుకని డాక్టరు వేసుకోమన్న మెత్తటి రబ్బరు చెప్పులు అప్పుడు ఆమె కాళ్లకున్నాయి. నేను వచ్చేసరికి కాళ్లు కడుక్కోవడానికి వాటిని విడిచింది. చీర వేసి ఉంటే వట్టి కాళ్లతో వేసేది.

మెయిను ఆపి శంకరయ్య వచ్చాడు. కొక్కెం చూశాడు, తీగ చూశాడు. "దీన్ని గీడ ఎవలు కట్టిన్రు?"

"నేనే కట్టుమన్న బిడ్డా" అంది లచ్చవ్వ.

నన్ను కాపాడడానికే ఆ మాట అంది. ఆ మాట చాటున నేను నిలబడిపోవచ్చు. "కట్టింది నేను అన్నా. ఎర్తు తీగ అని తెలువక కట్టిన" అన్నాను.

శంకరయ్య తల్లి పక్కకు పోయి నిలబడ్డాడు. తర్వాత "నాకు అమ్మ ఒక్కతే ఉన్నది" అన్నాడు. అంతే. తిడితే నాకు సులువుగా ఉండేది.

గుంత

వీధి చివర ఉండే ఎలక్ట్రీషియన్‌ను శంకరయ్య పిలుచుకొచ్చాడు. ఒక సాంచె మోటారులో వైరు తోలు ఊడి, ఇనుముకు తగులుతున్నదని అతను కనిపెట్టి బాగుచేశాడు. ఎర్తు గుంత తవ్వింది దావీదూ నేనూ. నిలువెత్తు లోతు తీసి, ఇనుప పైపు దించి, బొగ్గూ ఉప్పూ వేసి, నీళ్లు పోసి పూడ్చాం. తీగను దానికి బిగించే పని ఎలక్ట్రీషియనే చేశాడు. లచ్చవ్వ బట్టలకు విడిగా నైలాను తాడు కట్టాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కరెంటు పని మనది కాదు, దాన్ని తెలిసినవాళ్లతోనే చేయించాలి. కాని ఇనుప పైపు కోసే ముందు దానికి చుట్టిన ప్రతి తీగ, ప్రతి క్లిప్పు ఎక్కడి నుంచి వచ్చిందో రెండో కొస దాకా నడిచి చూడడం మన పనే. ఇంటివాళ్లు దండెం అంటే దండెం కాదు. వాళ్లకూ తెలియదు. కరెంటు లేని రోజున పని చేస్తే ఇంకా ఎక్కువ భయపడాలి, ఎందుకంటే తప్పు అప్పుడు చేతికి తగలదు. నేను ఆ తర్వాత చేసిన ప్రతి ఇంట్లో మొదటి గంట పనిముట్టు ముట్టలేదు, గోడల వెంట తిరిగాను. "పని చెయ్యవా, ఇల్లు కొంటవా?" అని ఎగతాళి చేసినవాళ్లున్నారు. చేయనిచ్చాను. సేటుకు ఇది చెబితే "సమయం దండుగ" అన్నాడు. ఆయన ఇప్పించే పనులు కొన్ని పోయాయి, పోనీ అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా మళ్లీ మెయిను వేశారు. బల్బు పెట్టి చూస్తే వెలగలేదు. సాంచె ఇనుముకు పెట్టి చూశాం, వెలగలేదు. అయినా శంకరయ్య సాంచె నడిపే స్విచ్చు దగ్గర చెయ్యి పెట్టి నిలబడిపోయాడు.

"బల్బు వెలుగలేదు గద అన్నా, ఇంకేంది?" అన్నాడు దావీదు.

"బల్బు పానం బల్బుది. మా పానం మాది" అంది లచ్చవ్వ గుమ్మంలోంచి. వారం తర్వాత వచ్చిన కరెంటు, ఎప్పుడు పోతుందో తెలియదు. వీధంతా సాంచెలు కొట్టుకుంటున్నాయి, ఈ ఇంట్లో మాత్రం ఇద్దరూ తమ సాంచెలకే భయపడి దూరంగా నిలబడ్డారు. ఆ భయం నేను తెచ్చిపెట్టింది.

చెప్పులు విప్పాను. గుంతకు నీళ్లు పోసిన చేతులు, కాళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. సాంచె దగ్గరికి పోయి, "నడిపియ్యి అన్నా" అన్నాను.

దావీదు "ఏమే" అని ఒకడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. శంకరయ్య నన్నూ, తల్లినీ చూసి స్విచ్చు వేశాడు. సాంచె కదిలింది. ముందు చేతి వెనక భాగం ఇనుముకు ఆనించాను. వణుకు భుజం దాకా పాకింది. ఒక్క క్షణం అది ఏ వణుకో నాకు తెలియలేదు. తర్వాత తెలిసింది, అది సాంచె కొట్టుకుంటున్న వణుకే. చెయ్యి తిప్పి అరచెయ్యి పూర్తిగా ఆనించాను. కళ్లు మూసుకొని, దారిలో రాని ప్రార్థన అప్పుడు చేసుకున్నాను. లచ్చవ్వను ప్రాణాలతో ఉంచినందుకు, పొయ్యిరాళ్ల మీదుగా బండి ఎత్తినవాళ్ల కోసం, కోరుట్లలో నీళ్లు లేక ఎదురుచూస్తున్న పెద్దమనిషి కోసం. అంతా అయ్యేదాకా చెయ్యి తీయలేదు.

కళ్లు తెరిచేసరికి లచ్చవ్వ పీట వేసుకొని కండె చుట్టడం మొదలుపెట్టింది. శంకరయ్య నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. నా చేతినీ, దాని పక్కనే దిగుతున్న తెల్ల బట్టనూ చూశాడు.

"ఇగ తియ్యి చెయ్యి" అన్నాడు. "మట్టి చేతులు. బట్టకు మరక వడ్తది."